బావ జేబులో ఉండగానే పోయిన పాస్‌పోర్టు

పాస్‌పోర్టు పారేసుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. బస్సులో బ్యాగు మరిచిపోయినవాళ్ళు, రైల్లో నిద్రపోయినవాళ్ళు, చొక్కాతోపాటు నీళ్ళలో నానబెట్టేసినవాళ్ళు. నాది ఆ జాతి కాదు. ఇంకొకరి పాస్‌పోర్టును, అది సముద్రం అవతల ఆయన జేబులో భద్రంగా ఉండగా, అనకాపల్లిలో కుర్చీ దిగకుండా పోగొట్టినవాడిని నేను. అది కూడా గుట్టుగా కాదు, దేశదేశాలకూ తెలిసేలా పోగొట్టాను. ఈ సంగతి బయట పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పటికీ రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. కానీ నేను చెప్పకపోతే మా అక్క చెబుతుంది. ఆవిడ చెబితే ఇంతకంటే ఘోరంగా ఉంటుంది.

రెండువేల ఏడో సంవత్సరం అనుకుంటాను. నాకు ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ టైపింగ్ నేర్చుకుని, ఎమ్మార్వో ఆఫీసుకు దగ్గరలో ఒక జిరాక్సు షాపులో కూర్చునేవాడిని. దరఖాస్తులు టైపు చేయడం నా పని. నాలుగు నెలలు ఆ పని చేసేసరికి నాకొక జబ్బు పట్టుకుంది. ప్రభుత్వం మొత్తం నా టైపింగ్ మీదే నడుస్తోందని నమ్మే జబ్బు. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని ఒక ముసలమ్మ వస్తే, తప్పులు ఎలా పడతాయో, ఏ ఆఫీసులో పడతాయో, ఏ ఆఫీసులో దిద్దుతారో అరగంట వివరించేవాడిని. ఆవిడ పాపం, "బాబూ, పేరు సరిసేసి ఇచ్చీ, నానెల్లిపోతాను," అనేది. ఇక ఇంగ్లీషులో ఉత్తరం మొదలుపెట్టానంటే పెళ్ళి ఊరేగింపే. ముందు బేండు మేళం, వెనక బాణాసంచా, అసలు పెళ్ళికొడుకు ఎక్కడో ఆఖరున చెమటలు కక్కుతూ వచ్చేవాడు.

మా అక్క రత్నకుమారి ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. మా బావ సామ్యేలు మస్కట్‌లో వెల్డరు. వాళ్ళది కోటవురట్ల దగ్గర పల్లె. అక్క ఉద్యోగం కోసం అనకాపల్లిలో మా వీధిలోనే అద్దెకు ఉండేవారు. బావ మితభాషి. ఒక మాట అనే ముందు దాన్ని నాలుగువైపులా తిప్పి చూసి, అవసరమనుకుంటేనే బయటికి వదిలేవాడు. ఆయన మాటల కరువును పూడ్చడానికే దేవుడు నన్ను ఆ ఇంటికి బావమరిదిగా ఇచ్చాడని నేను అనుకునేవాడిని. అది ఆయన ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడాది సెలవు అయిపోయి తిరిగి వెళ్ళబోతూ నన్ను పిలిచి మూడు తెల్ల కాగితాలు చేతిలో పెట్టాడు. మూడింటి అడుగునా ఆయన సంతకం ఉంది.

"గేస్ కనెక్షన్ పేరు మార్చాలి. ఊళ్ళో ఇంటి కరెంటు మీటరు పేరు మార్చాలి. ఇంకోటి దేనికైనా పనికొత్తాదని ఇత్తన్నాను," అన్నాడు.

"నేనున్నాను కదా బావా."

"నువ్వున్నావనే ఇత్తన్నాను."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు భోజనం దగ్గర్నుంచి లేచిపోవాలనిపిస్తుంది.

గేస్ పని అయింది. మీటరు పనికి దరఖాస్తు టైపు చేశాక, కరెంటు ఆఫీసులో పాత చిరునామాకు ఏదైనా రుజువు ఉంటే మంచిదన్నారు. అక్క స్కూల్లో ఉంది. తాళం చెవి మా ఇంట్లో ఉంటుంది కాబట్టి నేనే వెళ్ళి, బీరువా తెరిచి, బావ కాగితాల ఫైలు తీశాను. అందులో ఆయన పాత పాస్‌పోర్టు ఉండాలి. గడువు తీరిపోయినది, మూల కత్తిరించినది. దాన్ని అంతకుముందు నా కళ్ళతో చూశాను. ఇప్పుడు లేదు. ఆయన వెంట తీసుకెళ్ళిన కొత్త పాస్‌పోర్టు జిరాక్సు మాత్రం ఉంది.

మామూలు మనిషైతే సాయంత్రం దాకా ఆగి అక్కను అడుగుతాడు. కానీ ఆ వారంలోనే నేను టీ కొట్టు దగ్గర పేపర్లో ఒక వ్యాసం చదివి ఉన్నాను. పోయిన పాస్‌పోర్టులు, దొంగిలించిన పాస్‌పోర్టులు పట్టుకుని నేరగాళ్ళు వేరేవాళ్ళ పేర్లతో దేశాలు తిరిగేస్తున్నారట. అందుకని దేశాలన్నీ కలిసి ఆ నంబర్లను ఒకే జాబితాలో పెట్టుకుంటున్నాయట. ఇక్కడ పోయిందని చెబితే అక్కడెక్కడో విమానాశ్రయంలో నంబరు కొట్టగానే కంప్యూటర్ పట్టేస్తుందట. ఆ వ్యాసం రెండుసార్లు చదివి, టీ కొట్టులో ఉన్నవాళ్ళకు ఒకసారి చదివి వినిపించి, నేను ఆ రంగంలో నిపుణుడినైపోయాను. ఇప్పుడు చూస్తే మా ఇంట్లోనే పాస్‌పోర్టు మాయమైంది. డాక్టరు పరీక్ష పాసైన రోజే పక్కింటాయన మెట్ల మీంచి జారిపడినట్టు, నాకు లోపల సంతోషమేసింది.

అక్కకు చెబితే కంగారు పడుతుంది, బావకు చెబితే పని మీద మనసు నిలవదు అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో తెల్ల కాగితం ప్రింటరులో పెట్టాను. బావే రాసినట్టుగా, పాస్‌పోర్టు ఆఫీసువారికి నిండు పేజీ ఇంగ్లీషు ఉత్తరం కొట్టాను. దేశభద్రత గురించి ఉంది, మానవాళి క్షేమం గురించి ఉంది, తక్షణ చర్య గురించి మూడుసార్లు ఉంది. ‘పాత’ అనే ఒక్క మాట లేదు. ఇక నంబరంటారా, ఎదురుగా జిరాక్సు ఉంది కదా, అందులోది చూసి కొట్టాను. పాస్‌పోర్టు నంబరంటే రేషన్ కార్డులాగే మనిషికి ఒకటే ఉంటుందని, కొత్తది ఇచ్చినా అదే నంబరు వేస్తారని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఎవరు ఇచ్చారో తెలియదు. ఉత్తరం సరిగ్గా బావ సంతకానికి అరంగుళం పైన ముగిసింది. ఆ కొలత చూసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పోలీస్ స్టేషన్లో నెరిసిన మీసాల హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉన్నాడు. ఉత్తరం నకలు ఆయనకిచ్చి, అసలు కాగితం మీద అందినట్టు ముద్ర వేయమన్నాను.

"పాస్‌పోర్టు ఎవులిది?" అన్నాడు.

"మా బావది సార్."

"ఆయనేడీ?"

"మస్కట్‌లో ఉన్నాడు సార్."

హెడ్ కానిస్టేబుల్ కళ్ళద్దాలు తీశాడు. "పాస్‌పోర్టు పోతే మస్కట్ ఎలా ఎల్లేడు బాబూ?"

చూశారా, దేవుడు ఆ రోజు ఖాకీ చొక్కా వేసుకుని నన్ను కాపాడడానికి వచ్చాడు. నేను ఆయనకు అవకాశం ఇవ్వలేదు.

"పోయింది పాతది సార్. కొత్తది ఆయన దగ్గరే ఉంది."

"పాతదైతే అది సెల్లదు కదా. ఇంట్లో మరోసారి ఎతికి సూసుకోండి. ఇంతోటి దానికి కాగితమెందుకు?"

"అలా అనకండి సార్," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేరగాళ్ళ గురించి, జాబితా గురించి, కంప్యూటర్ గురించి, ప్రపంచంలో వస్తున్న మార్పుల గురించి చెప్పాను. ఆయన గడియారం చూశాడు. టీ తెప్పించుకున్నాడు. టీ తాగేశాడు. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. ఆఖరికి ఆయన ముద్ర తీసి, ఈగను కొట్టినట్టు కాగితం మీద ఒక్కటేసి, "ఎల్లిరా బాబూ," అన్నాడు. ఆ సాయంత్రమే విశాఖపట్నం పాస్‌పోర్టు ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు చేశాను. అందినట్టు కార్డు తిరిగొచ్చాక కొన్నాళ్ళు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

రెండున్నర నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో ఉండగా బావ ఫోను చేశాడు. అక్క రెండు మాటలు విని, ముఖం పాలిపోయి, ఫోను నా చేతికిచ్చింది.

"ప్రకాషూ, నిన్న కంపెనీ పని మీద నన్ను బహ్రెయిన్ పంపేరు. అక్కడ దిగనివ్వలేదు," అన్నాడు బావ.

"ఎందుకు బావా?"

"నా పాస్‌పోర్టు పోయిందంట."

"ఎక్కడ పోయింది?"

"పోలేదు. నా సేతిలోనే ఉంది."

"మరి?"

"అదే నేనూ అడిగేను. ఇదిగో, నా సేతిలోనే ఉంది కదండీ అన్నాను. ఉందిలే గానీ, పోయింది అన్నారు."

"పోయిందని వాళ్ళకు ఎవరు చెప్పారంట?"

"నేనే సెప్పేనంట," అన్నాడు.

పొద్దున దిగితే మధ్యాహ్నం దాకా ఒక గదిలో కూర్చోబెట్టారట. దొంగ పాస్‌పోర్టేమోనని వేలిముద్రలు తీసుకున్నారట. ఫొటోనూ ఆయన్నూ మార్చిమార్చి చూసి, నువ్వు నువ్వేనని రుజువేమిటని అడిగారట. మాటలున్నవాడైతే ఏదో చెప్పేవాడు. మా బావ ఏం చెబుతాడు? సాయంత్రానికి మస్కట్ తిప్పి పంపేశారు. అక్కడ రెసిడెంటు కార్డు ఉండబట్టి లోపలికి రానిచ్చారు. ఇది తేలేదాకా పనిలోకి రావద్దని కంపెనీ చెప్పేసింది.

"నాకు పనుంటాదో పోతాదో తెలవడం లేదు. నీకివన్నీ తెలుసు కదా, కనుక్కో," అన్నాడు.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. గొంతు సవరించుకున్నాను. "బావా, ఇది పెద్ద ముఠా పని. దీని గురించి నేను చదివాను. ఎవడో నీ పేరుతో దొంగ ఫిర్యాదు ఇచ్చాడు. వాణ్ణి నేను పట్టుకుంటాను," అన్నాను.

అప్పటికి నాకు నిజంగానే తెలియదు. నన్ను నమ్మండి. తెలిసింది మర్నాడు పొద్దున, షాపులో. ఆ ముఠా మీద చర్య తీసుకోవాలని కొత్త ఉత్తరం మొదలుపెట్టి, జిరాక్సు చూసి నంబరు కొడుతున్నాను. చివరి నాలుగు అంకెలు నా వేళ్ళకు ముందే తెలిసినట్టు పడ్డాయి. ఇవి ఎప్పుడు కొట్టానబ్బా అనుకుని కంప్యూటర్లో పాత ఉత్తరం తెరిచాను. అదే నంబరు. ఒక్క అంకె కూడా తేడా లేదు. టైపింగులో నేను తప్పు చేసే మనిషిని కాదు కదా.

ఆ ముఠా నాయకుడు, సభ్యుడు, గుమాస్తా అన్నీ నేనే. వెంటనే అక్క దగ్గరికి పరుగెత్తి చెప్పేయాలి కదా. చెప్పలేదు. ఆ రోజు తలనొప్పి అన్నాను. మర్నాడు కరెంటు లేదన్నాను. అయిదు రోజులు, ఆవిడ "ఏటైనా తెలిసిందేటిరా" అని అడిగిన ప్రతిసారీ "ప్రయత్నంలో ఉన్నాను" అన్నాను. అవతల ఆయన కంపెనీ కేంపులో మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాడు. ఇవతల నేను ప్రయత్నంలో ఉన్నాను.

శుక్రవారం సాయంత్రం అక్క ఇంట్లో ప్రార్థన పెట్టించింది. మా పాస్టరు అయ్యగారు వచ్చారు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. అయ్యగారు కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఈ అబద్ధపు కాగితం రాసిన మనిషి ఎవరో నీకు తెలుసు," అన్నారు. నాకు తెలియకుండానే ఒక కన్ను తెరుచుకుంది. ఆయన నావైపు చూడడం లేదు. "వాడి హృదయాన్ని తాకు తండ్రీ. వాడి మనసు మార్చు," అన్నారు.

"మనసు తరవాత సూద్దువు గానీ, ముందు ఆడి సెయ్యి సంగతి సూడు తండ్రీ," అంది అక్క.

నేను కుడిచేతిని మెల్లగా తొడ కిందికి తోసేసుకున్నాను. ప్రార్థన ముగిసినప్పుడు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఎవరో వేరే చెప్పాలా? అయ్యగారు మెచ్చుకోలుగా నా భుజం తట్టి వెళ్ళారు.

శనివారం పొద్దున్నే అక్క చీర కట్టుకుని సిద్ధమైంది. "నీ ప్రయత్నాలు సాలు. పద, స్టేషనుకి ఎల్దాం. కాగితం ఇచ్చినోడి పేరు అక్కడ ఉండకుండా ఎలా పోతాది?" అంది. దారిలోనైనా చెప్పొచ్చు. రిక్షా స్టేషను ముందు ఆగేదాకా నోరు తెరవడానికి చూస్తూనే ఉన్నాను. అది తెరుచుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక నా నోరు మొరాయించడం అదే మొదటిసారి.

హెడ్ కానిస్టేబుల్ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పారిపోదామనుకున్నాడేమో.

"మళ్ళీ వచ్చేవా బాబూ? ఈసారి ఏటి పోయింది?"

అక్క నన్నూ ఆయన్నూ చూసింది. "మా తమ్ముడు మీకు తెలుసా అండీ?"

"తెలవకేటమ్మా. పాస్‌పోర్టుల మీద నాకు పాఠం సెప్పేడు. ఇన్నేళ్ళ సర్వీసులో అంతసేపు నన్ను ఎవుడూ కూర్చోబెట్టలేదు," అంటూ ఆయన ఫైలు తీసి నకలు కాగితం అక్క ముందు పెట్టాడు.

అక్క చదివింది. ఇంగ్లీషు టీచరు కదా, పూర్తిగా చదివింది. మానవాళి క్షేమం దగ్గర ఆగి, నావైపు చూసి, మళ్ళీ చదివింది. అడుగున సంతకం మీద వేలు పెట్టింది.

"ఇది ఆయన నీకిచ్చిన తెల్లకాగితం కదూ."

"అక్కా, పాత పాస్‌పోర్టు పోయింది కదా, ఎవడైనా దాన్ని..."

"పాతది పోయిందని నీకెవుడు సెప్పేడు?"

"ఫైల్లో లేదు."

అక్క తన హేండ్‌బేగు తెరిచి, లోపలి జిప్పు లాగి, మూల కత్తిరించిన ఆ పాత పాస్‌పోర్టు బల్ల మీద పెట్టింది. తలవంచుకుని, "ఆయన ఫొటోల్లో బాగా పడింది ఇదొక్కటే. ఇంటర్వెల్లో అప్పుడప్పుడు సూసుకుంటాను," అంది.

హెడ్ కానిస్టేబుల్ గబుక్కున ఫైల్లో తలదూర్చి, లేని కాగితమేదో వెతకడం మొదలుపెట్టాడు. నాకు దూర్చుకోవడానికి ఫైలు కూడా లేదు.

ఇంటికి నడిచే వచ్చాం. అక్క నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే కొంత భారం దిగేది. ఇంటికొచ్చాక ఫోను నా చేతికిచ్చి, "నువ్వే సెప్పు," అంది. చెప్పాను. బావ చివరిదాకా విన్నాడు.

"ఐతే నేనే సెప్పేననడం నిజమేనన్నమాట," అన్నాడు. "నాకు మతి పోతందేమో, ఎక్కడైనా సెప్పి మర్సిపోయేనేమోనని భయపడ్డాను." ఫోను పెట్టేశాడు.

సోమవారం విశాఖపట్నం వెళ్ళాను. పాస్‌పోర్టు ఆఫీసులో ఒక మేడమ్ నా గోడంతా ఓపిగ్గా విన్నారు.

"పాస్‌పోర్టు దొరికింది మేడమ్. అంటే పోలేదు. ఆ నంబరును మళ్ళీ బతికించండి," అన్నాను.

"ఒకసారి పోయిందని రాసి ఇచ్చాక అది పోయినట్టే. ఆయన చేతిలో ఉన్నా, నా బల్ల మీద ఉన్నా సరే. ఆ నంబరు ఎన్ని దేశాల కంప్యూటర్లలోకి వెళ్ళిందో మీకు తెలుసా?"

నాకు తెలియకపోవడమేమిటి? టీ కొట్టులో చదివి వినిపించినవాణ్ణే నేను. కానీ తెలియదన్నట్టు తలాడించాను.

"ఆయన అక్కడి మన ఎంబసీలో కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోవాలి. మీరు జరిగింది రాసివ్వండి, మేము వాళ్ళకు పంపుతాం. టైపు చేయకండి. మీ చేత్తో రాయండి, తెలుగులో."

"ఒక చిన్న పొరపాటు అని రాయొచ్చా మేడమ్?"

"చిన్న అనే మాట తీసేయండి."

రాశాను. పెళ్ళి ఊరేగింపు లేదు, బేండు లేదు. మొత్తం ఆరు వాక్యాలు. నా జీవితంలో నేను రాసిన మొట్టమొదటి సరైన దరఖాస్తు అదే.

కొత్త పాస్‌పోర్టు రావడానికి నెల దాటింది. అన్నాళ్ళూ బావ కేంపులోనే ఉన్నాడు. బహ్రెయిన్ పనికి ఆయన బదులు ఇంకొకరిని పంపేశారు. ఉన్న ఉద్యోగం మాత్రం దేవుడి దయవల్ల నిలిచింది. అక్క ఇంటికి నేను రోజూ వెళ్ళేవాణ్ణి. ఆవిడ అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. మా వీధిలో సంగతి అందరికీ తెలిసిపోయింది. అయ్యగారు ఆదివారం నన్ను పక్కకు పిలిచి, "ప్రార్థన నెరవేరింది నాయనా," అన్నారు. అంతకంటే రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడాది బావ సెలవు మీద వచ్చాడు. రైల్వే స్టేషన్లో పెట్టె అందుకోబోతే, "నేను మోసుకుంటాన్లే," అన్నాడు. నాలుగు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. అయిదో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క చేపల పులుసు వడ్డిస్తుండగా, ఆయన ముద్ద కలుపుతూ అన్నాడు.

"ప్రకాషూ, ఒకటి అడుగుతాను, ఏటనుకోకు."

"అడుగు బావా."

"నా పాస్‌పోర్టు పోయిందని పోలీసోళ్ళకి సెప్పేవు. ఢిల్లీకి సెప్పేవు. బహ్రెయినోళ్ళకి సెప్పేవు. నేనెప్పుడూ పేరు ఇనని దేశాలకి కూడా సెప్పేవు." ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాక మిగిలినది అన్నాడు. "నాకొక్కడికీ సెప్పలేదేటి?"

నిజానికి నా దగ్గర జవాబు ఉంది. చెబితే ఆయన, పాతదే కదా, ఒగ్గేయ్ అనేవాడు. అప్పుడు నా ఉత్తరం పుట్టకుండానే పోయేది. ఆ ఉత్తరం మీది మోజుతోనే ఆయనకు చెప్పలేదు. ఇంత నీచమైన సంగతి ఆయన ముఖం చూసి చెప్పలేక, కంచంలో చేపముక్కను ముల్లు మీద ముల్లు తీస్తూ కూర్చున్నాను. అది ముక్కో పేస్టో తెలియకుండా పోయింది. "తినరా, తిను," అన్నాడు ఆయనే.

కాబట్టి, దీన్ని చదువుతున్న సమస్త జనుల ఎదుట, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి వస్తువు నా కంటికి కనిపించకపోయినా, లోకానికి చాటే ముందు ఆ వస్తువు గల మనిషిని ఒక్క మాట అడుగుతాను. అవి చెప్పులైనా సరే అడుగుతాను. ఆయన, "ఇవిగో, నా కాళ్ళకే ఉన్నాయి కదా," అంటే, నమ్ముతాను.